విమానం ఆపమన్నది నేనే

వేదిక మీద ఉన్న అధ్యక్షులు, మన సంస్థ డైరెక్టరు గారికి, ముందు వరుసల్లో కూర్చున్న పెద్దలకు, ఇంజన్ల షాపు నుంచి, చక్రాల షాపు నుంచి, పెయింటు విభాగం నుంచి, స్టోర్సు నుంచి చేతులు తుడుచుకుని వచ్చిన నా తోటి పనివాళ్ళకు, తుడుచుకోకుండానే వచ్చి ఈ అద్దె కుర్చీలకు గ్రీజు అంటించిన మిగతావాళ్ళకు (నవ్వులు), మొదటి వరుస చివర కూర్చుని నేనెక్కడ తడబడతానా అని కనిపెట్టుకుని చూస్తున్న మా అత్తయ్యకు, ఆవిడ పక్కన, తనను చూపించి ఏదో ఒకటి అంటానని ముందే తల వంచేసుకున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్నానని నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు నన్ను చాలా పొగిడారు. ఒకరు సహనమూర్తి అన్నారు. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళు తర్వాత తేలుస్తారు. (నవ్వులు) ఇంకొకరు విమానాలు బాగు చేసే ఈ హ్యాంగరుకు నేను తల్లిలాంటిదాన్ని అన్నారు. ప్రేమతో అన్న మాటే, కాదనను. కాని నాకు తల్లి ఉద్యోగం ఇంటి దగ్గర ఉంది, ఒక్క కూతురితోనే అది తలకు మించిన పనైంది. ఇక్కడ నేను చేసింది ఇంజనీరు ఉద్యోగం. బాగా చేశాను. ఆ ఒక్క మాట ఎవరో ఒకరు అనకపోతారా అని గంటన్నర నుంచి చూస్తున్నాను. ఎవరూ అనలేదు కనక నేనే అనేసుకుంటున్నాను. (చప్పట్లు)

కొత్తగా చేరినవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట నేను ఈ గేటులోంచి లోపలికి వచ్చింది విమానాలు బాగు చెయ్యడానికి కాదు, సీటు కవర్లు కుట్టడానికి. మా నాన్న దర్జీ. నాకు ఊహ తెలిసేసరికే కాళ్ళకు మిషను పెడలు అందింది. పన్నెండో తరగతి దాకా లెక్కలు చదివి, పెళ్ళి చేసుకుని, ఇరవై రెండేళ్ళకు ఇక్కడి కుట్టుగదిలో కూర్చున్నాను. బ్యాటరీల షాపు వెనక, ఇప్పుడు పాత టైర్లు పేర్చి ఉంచిన గది ఉంది చూడండి, అదే కుట్టుగది. మూడు మిషన్లు, ఒక పొడుగు బల్ల, ఒక కిటికీ. ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. విమానాలు తలమీంచి పోయే చప్పుడు తప్ప వాటికీ నాకూ వేరే పరిచయం లేదు.

ఒకరోజు కుట్టిన కవర్లు తొడగడానికి విమానంలోకి వెళ్ళాను. ఏదో రిపేరు కోసం నేల పలకలు ఎత్తి పక్కన పెట్టారు. ఆ కంతలోంచి కిందికి చూస్తే, మనుషులు చెప్పులు విప్పుకుని నిద్రపోయే చోటికి జానెడు కింద, బారులు తీరి సన్నటి ఉక్కు తీగలు అటు ముక్కు దాకా, ఇటు తోక దాకా పోతున్నాయి. చేతిలో కవరు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అక్కడ పని చేస్తున్న మెకానిక్కును అడిగాను. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మెట్లు వేసుకోకుండానే రెక్క అందుకుంటారు కనక అందరూ ఆయన్ని నిచ్చెన అనేవారు. అదిగో, ఇప్పుడు కూడా వెనక వరుసలో కూర్చున్నా నిలబడ్డట్టే కనిపిస్తున్నారు. (నవ్వులు)

"అన్నయ్యా, ఈ తీగలు ఎక్కడికి పోతాయి?" అన్నాను.

"అటువి ఇటొస్తాయి, ఇటువి అటు పోతాయి. నువ్వు మాత్రం తిన్నగా నీ గదికి పో, మిషనమ్మా" అన్నారు.

ఆ పూట నుంచి నా పేరు మిషనమ్మే అయింది. నిచ్చెన అన్నయ్యా, నామకరణం చేసిన పుణ్యం మీదే.

నాలుగేళ్ళు గడిచాక శిక్షణకు వాడే ఒక చిన్న పాత విమానం మన దగ్గరకు వచ్చింది. దాని తోక దగ్గర అటూ ఇటూ తిరిగే చుక్కానికి రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. సన్నటి బద్దలకు ఆ గుడ్డను ఒక ప్రత్యేకమైన ముడితో కుట్టాలి. ఆ ముడి తెలిసిన ఆఖరి మనిషి రెండేళ్ళ ముందే రిటైరయ్యాడు. అప్పుడు మన ఇన్‌స్పెక్టరు గారు పుస్తకం పట్టుకుని కుట్టుగదికి వచ్చారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ హాల్లో ఇంకా పదిమందైనా ఉంటారు. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉండేది కనక మనందరికీ ఆయన భూతద్దం గారు. మంచి చొక్కా వేసుకుని ఎదురుపడితే కాలరు కుట్టు కూడా పరీక్షించే మనిషి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఉండి ఉంటే ఈపాటికి నా ప్రసంగంలో నాలుగు తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉండేవారు.

"బొమ్మ చూసి ఈ ముడి వెయ్యగలవా?" అని అడిగారు. చిత్తుగుడ్డ మీద ముప్ఫై ముడులు వేశాను. ఇరవై తొమ్మిది కత్తిరించేశారు. ముప్ఫయ్యోదాన్ని గోటితో లాగి చూసి, "ఇట్లా మొత్తం వెయ్యి" అన్నారు. రెండు రోజులు పట్టింది. పూర్తయ్యాక ఆయన భూతద్దంతో నలభై నిమిషాలు చూసి "ఊఁ" అన్నారు. ఆయన నోట ఆ ఒక్క అక్షరం రావడమంటే ఇంకొకరు మెడలో పతకం వేసినంత. నేలకు జానెడు ఎత్తున నిలబడ్డాను. అంతలో ఆయన కలం తీసి, పని కాగితం మీద సంతకం పెట్టేశారు.

"కుట్టింది నేను కదండీ, సంతకం మీరు పెట్టారేం?" అన్నాను.

అక్కడున్న తొమ్మిది మందీ పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు.

"సంతకమంటే పేరు రాసుకోవడం కాదమ్మా. రేపు ఇది ఊడితే ఎవర్ని పిలవాలో చెప్పడం. పిలిస్తే వస్తావా?"

"వస్తానండి."

"ఊరికే రావడం కాదు. ఎందుకు ఊడిందో చెప్పగలవా?"

"చెప్పలేనండి."

"చెప్పగలిగిన రోజున నువ్వే పెడుదువుగాని" అని కలం మూత పెట్టుకుని వెళ్ళిపోయారు.

అది తిట్టో, ఆహ్వానమో నాకు ఆ రోజు తెలియలేదు. తిట్టే అనుకుని ఇంటికి వెళ్ళాను. తెల్లారేసరికి ఆహ్వానమనే నిర్ణయించుకున్నాను. హ్యాంగరులోకి హెల్పరుగా మార్చమని దరఖాస్తు పెట్టాను. నీడపట్టున కూర్చుని చేసే పని వదిలి ఇదేం కోరికని ఆఫీసులో అందరూ నచ్చజెప్పారు. అంతమంది నచ్చజెప్పేసరికి నాకు పట్టుదల ఇంకా పెరిగింది. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు.

నాలుగేళ్ళు కిరసనాయిలులో సామాన్లు కడిగాను. చక్రాల కాళ్ళకు గ్రీజు పట్టించాను. రెక్కలో ఉండే ఇంధనం ట్యాంకులోకి దూరి శుభ్రం చేసే పని నాకే ఇచ్చేవారు, ఎందుకంటే అప్పుడు నేను సన్నగా ఉండేదాన్ని. ఎవరక్కడ నవ్వుతున్నారు? పాత ఫొటోలున్నాయి, చూపిస్తాను. (నవ్వులు) చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్కులో రాసుకుని, పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళ చేత సంతకం చేయించుకునేదాన్ని. వాళ్ళు పెట్టే ప్రతి సంతకాన్నీ ఆకలిగా చూసేదాన్ని.

ఇక ఆ లైసెన్సుకు పరీక్షలు. ఇంజన్ల పేపరు, బాడీ పేపరు మొదటిసారే పాసయ్యాను. కరెంటు పేపరు మాత్రం పోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను చదివేది బట్టీ అని నాకు తెలుసు, పరీక్షకూ తెలుసు. అది మొదట కనిపెట్టింది మా అత్తయ్య.

ఆవిడ మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నా పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. సెలవు రోజు మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని, "ప్రశ్న నువ్వు చదువుకో, జవాబు నాకు చెప్పు" అనేది.

"మీకేం అర్థమవుతుంది అత్తయ్యా?"

"అది నాకు అర్థం కానక్కర్లేదు. నీకు అర్థమైందో లేదో నాకు అర్థమవుతుంది."

నేను చెబుతూ ఉంటే ఉల్లిపాయలు తరుగుతూ వినేది. నాకు తెలియని చోట గొంతు పెంచి గడగడా దాటెయ్యబోతే కత్తిపీట చప్పుడు ఆగిపోయేది. "ఇక్కడ పరిగెత్తావు. మళ్ళీ నడువు" అనేది. అలా నడవాలంటే పుస్తకం మాటలు వదిలి, తిరిగే చక్రంలోంచి కరెంటు ఎలా పుడుతుందో ఆవిడకు మామూలు మాటల్లో చెప్పాల్సి వచ్చేది. చెబుతూ చెబుతూ ఉంటే నాకే అర్థమయ్యేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడ, ఇంటి మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిని ఆపి, వైరింగు తప్పని వాదించింది. ఆ మనిషి ఒప్పుకుని మార్చి వెళ్ళాడు కూడా. (నవ్వులు, చప్పట్లు. ముందు వరుసలోంచి: "ఎర్త్ సరిగ్గా లేదు మరి!") వింటున్నారు కదా. ఎనభై ఆరేళ్ళు.

మూడోసారి తప్పిన రోజు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "ఇంక నా వల్ల కాదు అత్తయ్యా, మానేస్తాను" అన్నాను. ఆవిడ ఏమీ ఓదార్చలేదు.

"మానేద్దువుగానిలే. కాని ఓడిపోయిన రోజున మానకు. గెలిచిన మర్నాడు మానెయ్, ఎవరూ ఒక్క మాట అనరు."

నాలుగోసారి గెలిచాను. మర్నాడు మానలేదు. (చప్పట్లు)

మా ఆయన పుస్తకాల బైండింగు పని చేసేవారు. నేను జిరాక్సు తీయించుకున్న మాన్యువల్ కాగితాలు మూడు వేల పైచిలుకు, దారంతో కుట్టి, గట్టి అట్టలు వేసి, పన్నెండు సంపుటాలు చేసి ఇచ్చారు. లైసెన్సు రాకముందే అట్ట వెనక బంగారు అక్షరాలతో నా పేరు, దాని పక్కన 'ఇంజనీరు' అని అచ్చు వేశారు. "రాకపోతే ఏం చేస్తారు?" అన్నాను. "ఆ అక్షరాలు చెరపడం కుదరదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి" అన్నారు. ఆయన మాట్లాడేది తక్కువ. మా పెళ్ళయ్యాక మాట్లాడిన వాటిలో నాకు గుర్తున్న పెద్ద వాక్యం అదే. (నవ్వులు) తల ఎత్తొచ్చు, అయిపోయింది.

ముప్ఫై మూడో ఏట మొదటిసారి, ఈ విమానం ఎగరడానికి తగి ఉందని నా చేత్తో సంతకం పెట్టాను. గబగబా గీసేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. భూతద్దం గారు పక్కనే ఉన్నారు. "ఇంకోసారి రాయి, పేరు కనపడాలి. సంతకం పెట్టేది దాక్కోవడానికి కాదు" అన్నారు.

ఇప్పుడు, అధ్యక్షుల వారి అనుమతితో, ఇన్నాళ్ళుగా ఈ హ్యాంగరులో నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకునే కథను, అది జరిగింది నాకే కనక, నేనే చెబుతాను. (ఆగి) సార్ నవ్వుతున్నారు. ఏ కథో ఆయనకు తెలిసిపోయింది.

లైసెన్సు వచ్చిన నాలుగేళ్ళకు, ఒక మధ్యాహ్నం. తోక భాగంలో ఒక తీగ మార్చాం. నేనూ, నాతో ఇద్దరూ. పని చక్కగా అయింది. మూతలు బిగించాం. సంతకం పెట్టే ముందు పనిముట్లు లెక్క చూసుకోవాలన్నది నియమం. అంతలో ఎవరో ఫోనని కేకేశారు. లెక్క తర్వాత చూద్దాంలే అని సంతకం పెట్టి వెళ్ళాను. తప్పు అక్కడ జరిగింది. అది నాదే, ఇంకెవరిదీ కాదు.

ఫోను మాట్లాడి వచ్చేసరికి ట్రాక్టరు విమానాన్ని లాక్కుపోయింది. పెట్టె తెరిచాను. మన పెట్టెల్లో ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే ఒక గుంట ఉంటుంది కదా, అందులో ఒక గుంట ఖాళీగా ఉంది. చేతికందని మూలలు చూడ్డానికి వాడే చిన్న అద్దం, పొడుగు పిడి ఉంటుంది. పళ్ళ డాక్టర్లు వాడతారే, అలాంటిదే. మా అమ్మాయి పెద్దయ్యాక పళ్ళ డాక్టరే అయింది. దాని చేతిలో ఆ అద్దం చూస్తే ఇప్పటికీ లెక్క సరిపోయిందా అని అడుగుతాను.

ఆ తర్వాతి రెండు నిమిషాల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. విచారణలో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. ఇవాళ చెబుతాను. ఆ అద్దం ఎక్కడో బయటే పడి ఉంటుందని అనుకున్నాను. ఎవరూ చూడలేదని అనుకున్నాను. స్టోర్సులో అలాంటివి డజను ఉంటాయి, ఒకటి తెచ్చి గుంటలో పెడితే సరిపోతుందని కూడా అనుకున్నాను. అనుకోవడంతో ఆగలేదు. స్టోర్సు వైపు నడిచాను. నాలుగడుగులు. ఇప్పటికీ ఆ చోటు చూపించగలను.

స్టోర్సుకు వెళ్ళే దారిలో హ్యాంగరు పెద్ద తలుపు పూర్తిగా తెరిచి ఉంది. దూరంగా ఆ విమానానికి మెట్లు తగిలించారు, జనం ఎక్కుతున్నారు. ఒకాయన మెట్ల మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, ఎవరికో చెయ్యి ఊపుతున్నాడు. వెనకవాళ్ళు తోస్తున్నా అక్కడే నిలబడి ఊపుతున్నాడు. నాకు ఇంకేమీ తోచలేదు. పరిగెత్తుకెళ్ళి ఫోను ఎత్తాను.

"ఆ విమానం ఆపండి."

"ఎవరు ఆపమన్నారు?" అంది అవతలి గొంతు.

"నేనే" అని నా పేరు చెప్పాను.

నూట పద్దెనిమిది మందిని దింపేశారు. మేనేజరు గారు పరుగున వచ్చారు. అప్పటి మేనేజరు గారే ఇవాళ మన అధ్యక్షులు. (నవ్వులు) అప్పట్లో ఆయనకు జుట్టు ఉండేది. ఆ రోజు కొంత పోయింది. (పెద్ద నవ్వులు)

"అది విమానంలోనే ఉందని నీకు ఖాయంగా తెలుసా?" అన్నారు.

"తెలియదండి."

"మరెందుకు ఆపావు?"

"లేదని కూడా తెలియదు కదండి."

అయిదు గంటలు వెతికాం. బిగించిన ప్రతి మూతా విప్పాం. టార్చీలు, అద్దాలు, చేతులు దూరే చోట చేతులు, దూరని చోట తీగలు. దొరకలేదు. నిచ్చెన అన్నయ్య ఏమనుకున్నారో, హ్యాంగరులోకి వెళ్ళి మసిగుడ్డలు పారేసే డ్రమ్మును నేల మీద కుమ్మరించారు. ఒక గుడ్డ మడతలో ఉంది అద్దం. నేనే చేతులు తుడుచుకుని, గుడ్డతో పాటు పారేశానన్నమాట. విమానంలోకి అది అసలు వెళ్ళనే లేదు.

మర్నాడు కాగితం వచ్చింది. విచారణ జరుగుతుంది, మూడు నెలలు సంతకం పెట్టకూడదు, ఆ మూడు నెలలూ కుట్టుగదిలో పని. కింద ఉన్న సంతకం మన అధ్యక్షుల వారిదే. చాలా అందమైన దస్తూరీ. (నవ్వులు)

పదిహేనేళ్ళు ఈదుకుంటూ వచ్చి మళ్ళీ బయల్దేరిన గట్టునే పడ్డాను. అవే మూడు మిషన్లు, అదే గోడ. మొదటి రోజు ఒక్క కవరు కూడా సరిగా కుట్టలేకపోయాను. నిచ్చెన అన్నయ్య రోజూ నాలుగింటికి రెండు గ్లాసుల టీతో వచ్చి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, ఒకటి నాకిచ్చి, రెండోది తాగి వెళ్ళిపోయేవారు. మూడు నెలల్లో ఒక్కరోజు మానలేదు. ఇంట్లో మా అత్తయ్య ఒకటే ప్రశ్న వేసింది.

"పోగొట్టినందుకు శిక్ష వేశారా, ఆపినందుకా?"

"పోగొట్టినందుకే అంటున్నారు అత్తయ్యా."

"అయితే పడు. ఆపినందుకైతే నేనొచ్చి మాట్లాడేదాన్ని."

సార్, మీరు ఎంత గండం తప్పించుకున్నారో మీకు తెలియదు. (నవ్వులు)

విచారణ గదిలో ముగ్గురు పెద్దలు. అప్పటికే రిటైరైన భూతద్దం గారిని ప్రత్యేకంగా పిలిపించారు. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఏం చేస్తావని అడిగారు. "ముందు లెక్క చూస్తానండి. లెక్క తప్పితే మళ్ళీ ఆపుతానండి" అన్నాను. అంత ఖర్చూ, అంతమంది అవస్థా చూశాక కూడానా అని ఒకాయన కోప్పడ్డారు. అప్పుడు భూతద్దం గారు లేచారు.

"ఆ అయిదు గంటలూ ఆ అద్దం విమానంలోనే ఉంది. దొరికాకే అది డ్రమ్ములోకి వెళ్ళింది. అట్లా అనుకోలేనివాడు ఈ పనికి పనికిరాడు. ఈవిడ లెక్క చూడలేదు, దానికి శిక్ష వెయ్యండి. ఆపినందుకు మాత్రం ఈ గదిలో ఎవరూ గొంతు ఎత్తకండి" అన్నారు.

వారం తిరక్కుండా మేనేజరు గారు నోటీసు బోర్డు మీద ఒక ఉత్తర్వు అంటించారు. ఏ స్థాయి పనివారైనా సరే, తమ పొరపాటు తామే చెప్పి విమానం ఆపితే, ఆపినందుకు వాళ్ళని ఎవరూ నిలదీయకూడదు. ఇవాళ మీరంతా గాలి పీల్చినంత మామూలుగా పాటించే నియమం అదే. రాసింది ఈయన. నాకు శిక్ష వేసిన చెయ్యే అదీ రాసింది. ఆ మాట ఈ సభలో చెప్పకపోతే నేను కృతఘ్నురాలిని. కాకపోతే సార్, ఉత్తర్వు వచ్చాక నా మూడు నెలలూ తగ్గిస్తారేమోనని అడిగితే, ఒక్క రోజు కూడా తగ్గించలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఉద్యోగంలో ఉండగా చెప్పలేను కదా, అందుకని ఇవాళ చెబుతున్నాను. (నవ్వులు. అధ్యక్షులు చేతులు జోడించారు. చప్పట్లు) సరే, ఇప్పుడు కొంచెం తగ్గింది.

అది జరిగిన ఏడు నెలలకు, ఒక ఉదయం పదకొండింటికి, విమానానికి ట్రాక్టరు తగిలించాం. సంతకం నాదే, కలం నా చేతిలో ఉంది. నిచ్చెన అన్నయ్య వచ్చి నా ముందు నిలబడ్డారు. అప్పటికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తప్పు నాది అనే మాట ఇంట్లో వదిన దగ్గర కూడా అని ఎరగరు. వదినగారు ఇక్కడే ఉన్నారు, అబద్ధమైతే చెప్పమనండి. (నవ్వులు)

"చెల్లెమ్మా, నా చిన్న స్పానరు లేదు" అన్నారు. ఆయన గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎక్కడ పెట్టారో గుర్తుందా అన్నయ్యా?"

"లేదు. కిందటేడాదైతే ఈ మాట చెప్పేవాణ్ణి కాదు. ఆపెయ్."

ఆపాం. తోక మూత విప్పి, టార్చి వేసి, తల లోపలికి పెట్టాను. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తీగ ఒక చిన్న చక్రం మీంచి పోతుంది. ఆ చక్రానికి బెత్తెడు దూరంలో, అంచు మీద స్పానరు ఉంది. ఎగిరేటప్పుడు ఒక్క కుదుపు చాలు, అది జారి చక్రానికీ తీగకూ మధ్య ఇరుక్కుంటుంది. ఆ తర్వాత పైలట్ ఎంత లాగినా తోక మాట వినదు.

దాన్ని తీసి అన్నయ్య చేతిలో పెట్టాను. ఆయన దానివంక చూసి, నెమ్మదిగా, ఉన్న చోటనే నేల మీద కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళు నిలబడి పని చేసిన మనిషి. నేనూ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం ఆ విమానం ఎగిరింది. అందులో వెళ్ళినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఎక్కడో దిగారు, సామాన్లు తీసుకున్నారు, ఆటోవాళ్ళతోనో టాక్సీవాళ్ళతోనో బేరమాడారు, ఇళ్ళకు వెళ్ళి అన్నాలు తిన్నారు. (చాలాసేపు చప్పట్లు) ఆ చప్పట్లు ఆయనకు కొట్టండి. అన్నయ్యా, నిలబడండి. నిలబడ్డారా? మీ విషయంలో తేడా తెలియదు. (నవ్వులు, చప్పట్లు)

ఆ తర్వాత సంగతులు మీరంతా చూసినవే. ఉప ముఖ్య ఇంజనీరునయ్యాను, తొమ్మిదేళ్ళు ముఖ్య ఇంజనీరుగా చేశాను. నా కాలంలో ఈ హ్యాంగరు నుంచి నలభై ఒక్కమంది లైసెన్సు తెచ్చుకున్నారు. అందులో పదమూడు మంది ఆడవాళ్ళు. ఒకావిడ పెయింటు విభాగం నుంచి వచ్చింది, ఒకాయన క్యాంటీను గిన్నెల దగ్గర నుంచి వచ్చాడు. కరెంటు పేపరు ఆయన కూడా మూడుసార్లు తప్పాడు. మా అత్తయ్య దగ్గరకు పంపించాను. (నవ్వులు)

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఇది ఇవాళ పొద్దున్న జరిగింది.

పది దాటాక నా గదిలో సొరుగులు ఖాళీ చేస్తూ కిటికీలోంచి బోర్డు వైపు చూస్తే, పదిన్నరకు వెళ్ళాల్సిన విమానం ఆలస్యమని ఉంది. నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఏమిటో చూద్దామని కిందికి వచ్చాను. విమానం కడుపు కింద మూత తెరిచి ఉంది. నలుగురు వెతుకుతున్నారు. చక్రాల షాపులో పని చేసే ఒకావిడ చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"టార్చి ఒకటి లెక్క తగ్గిందండి. నాదే. నేనే చెప్పి ఆపించానండి."

"ఎవరికి చెప్పావు?"

"షిఫ్టు ఇంజనీరు గారికండి."

"ఆయనేమన్నారు?"

ఆవిడ నా వంక విచిత్రంగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఏమంటారండి? సరే పద, వెతుకుదాం అన్నారు."

అంతే. కేకలు లేవు, కాగితాలు లేవు, ఎవరి మొహమూ ఎవరూ చూడ్డం లేదు. ముఖ్య ఇంజనీరుకు పరుగెత్తుకెళ్ళి చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. ఇంతలో మూతలోకి తల పెట్టిన మనిషి, వెనక్కి తిరగకుండానే, "ఎవరది, కాస్త పక్కకు జరగండి, వెలుతురుకు అడ్డొస్తున్నారు" అన్నాడు.

జరిగాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నాకు దక్కిన సన్మానాల్లో అంత పెద్దది లేదు. ఈ హాల్లో పూలదండ వేసిన చేతులకు దణ్ణం పెడుతున్నాను. నాకు పని నేర్పిన, నన్ను చూసి నవ్విన, నాకు శిక్ష వేసిన, టీ తెచ్చిన, ప్రశ్నలడిగిన, అట్టలు వేసిన అందరికీ కృతజ్ఞతలు. టార్చి పదకొండింటికి దొరికింది. విమానం వెళ్ళింది. రెండో షిఫ్టువాళ్ళు ఇంకా ఇక్కడే కూర్చున్నారు, నాలుగింటికి ఇంకోటి దిగుతుంది, లేవండి. ఇక నాకు సెలవు.